మా జట్టును పోనివ్వం!

అద్దె ఇల్లు మారినట్లు ఆటల జట్టు కూడా ఊరు మారిపోతుందా? మారుతుంది! 2019లో పుణె పోగొట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్‌కు దక్కింది. ఆరేళ్లు తిరిగేసరికి అదే జట్టు దిల్లీకి మకాం మార్చేసింది. అమెరికాలో ఓ నగరం మాత్రం తన బాస్కెట్‌బాల్ జట్టును గడప దాటనివ్వకుండా పట్టుబట్టి ఆపుకొంది. వాళ్లకు సాధ్యమైంది మనకెందుకు కాలేదు?

2022 మార్చి 20. గోవాలోని ఫటోర్డా స్టేడియం. గ్యాలరీల్లో ఎటు చూసినా పసుపు రంగే. కేరళ బ్లాస్టర్స్ అభిమానులు పోటెత్తారు మరి. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో వారి జట్టు ఒక గోలు ముందుంది. ఆట ముగియడానికి ఇంకా రెండే నిమిషాలు... అప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాడు సాహిల్ తవోరా కొట్టిన బంతి వలలో పడింది. స్కోరు 1-1. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురు ప్రత్యర్థుల్ని నిలువరించాడు. 3-1తో కప్పు హైదరాబాద్ సొంతం!

పుట్టి మూడేళ్లయినా నిండని జట్టు దేశంలోనే మేటిగా నిలిచింది. 'ఇంకో మూడేళ్లకు ఈ జట్టు ఇక్కడ ఉండదు' అని ఆ రాత్రి ఎవరైనా అని ఉంటే నవ్విపోయేవాళ్లే. కానీ అదే జరిగింది. 2025లో ఆ జట్టు హైదరాబాద్ వదిలి దేశ రాజధానికి వెళ్లిపోయింది. 'స్పోర్టింగ్ క్లబ్ దిల్లీ' అన్న కొత్త పేరు పెట్టుకుంది. దాంతో ఐఎస్‌ఎల్‌లో రెండు తెలుగు రాష్ట్రాల పేరు చెప్పుకోవడానికి ఒక్క జట్టూ మిగల్లేదు.

వచ్చిందీ వలసగానే...

నిజానికి హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టుకే ఓ వలస కథ. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడింది. ఆ ఫ్రాంచైజీ స్థానంలోనే విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని ఆగస్టులో హైదరాబాద్ జట్టును నిలబెట్టారు. తర్వాత సినీనటుడు రానా దగ్గుబాటి కూడా సహ యజమానిగా చేరాడు. అదే ఏడాది దిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వర్ వెళ్లి 'ఒడిశా ఎఫ్‌సీ' అయింది. అంటే పుణె నష్టం మనకు లాభం, దిల్లీ నష్టం ఒడిశాకు లాభం. ఆరేళ్ల తర్వాత మన నష్టం దిల్లీకి లాభమైంది! కుర్చీలాట చూస్తున్నట్లే ఉంటుంది. పాట ఆగిన ప్రతిసారీ ఏదో ఒక ఊరు నిలబడిపోవాల్సిందే.

తొలి మ్యాచ్‌లోనే హైదరాబాద్ 0-5 తేడాతో కోల్‌కతా జట్టు ఏటీకే చేతిలో చిత్తయింది. కానీ 2019 నవంబరు 2న సొంతగడ్డ గచ్చిబౌలిలో ఆడిన మొదటి మ్యాచ్‌లో కేరళపై 2-1తో గెలిచి అభిమానుల్ని మురిపించింది. ఆ సీజన్‌లో చివరి స్థానంతో సరిపెట్టుకున్నా, స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాక జట్టు దశ తిరిగింది. కుర్రాళ్లను నమ్మాడు. ఆట నేర్పాడు. నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచె 2021-22 సీజన్‌లో 18 గోల్స్‌తో హోరెత్తించాడు.

దురదృష్టమేమిటంటే, జట్టు బాగా ఆడిన ఆ రోజుల్లోనే కరోనా అడ్డుపడింది. వరుసగా రెండు సీజన్లు మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. ఇంటి జట్టు ఛాంపియన్ అవుతుంటే ఇంటివాళ్లు టీవీలో చూసి చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. ఓ ఊరికీ జట్టుకూ మధ్య ముడి బిగుసుకునేది స్టేడియం మెట్ల మీదే. నాన్న భుజాలెక్కి మ్యాచ్ చూసిన పిల్లాడు పెద్దయ్యాక తన పిల్లల్ని తీసుకొస్తాడు. ఆ అవకాశం హైదరాబాద్‌కు సరిగ్గా దక్కనే లేదు. 2022-23లో జట్టు మళ్లీ గచ్చిబౌలికి వచ్చి లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. 'డెక్కన్ లీజియన్' అభిమాన బృందం డప్పులతో, జెండాలతో సందడి చేసింది. అయితే ముప్పైవేల మంది పట్టే స్టేడియాన్ని నింపేంత జనం అలవాటు పడేలోపే కష్టాలు చుట్టుముట్టాయి.

మార్కెజ్ వెళ్లిపోయాడు. డబ్బు కటకట మొదలైంది. జీతాలు అందక ఆటగాళ్లు ఫిర్యాదు చేశారు. కొత్తవాళ్లను తీసుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరుగా సామాను సర్దుకున్నారు. 2023-24లో 22 మ్యాచ్‌లాడితే గెలిచింది ఒక్కటి! 2024లో బీసీ జిందాల్ గ్రూప్ జట్టును చేతిలోకి తీసుకుంది. ఒక్క సీజన్ ఇక్కడ ఆడించి, మరుసటి ఏడాది దిల్లీకి తరలించింది.

రహీం సాబ్ ఊరిది!

పోతే పోయింది, మనకు క్రికెట్ ఉందిగా అనుకునేవాళ్లూ ఉంటారు. కానీ ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ సాదాసీదా ఊరు కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఇక్కడిదే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్... ఆనాటి జాతీయ జట్టులో హైదరాబాదీలు ఎందరో. రహీం జీవితకథతో 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది. వెండితెర మీద ఆయన కథను దేశమంతా చూసిన మరుసటి ఏడాదే ఆయన ఊరికి అగ్రశ్రేణి జట్టు లేకుండా పోయింది.

ఫుట్‌బాల్ అంటే జనానికి ఇష్టం లేదా అంటే అదీ కాదు. జట్టు వెళ్లిపోయిన అదే 2025లో, డిసెంబరు 13న, అర్జెంటీనా దిగ్గజం మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చాడు. అతణ్ని చూడటానికి జనం వేలకు వేలు పోసి టికెట్లు కొన్నారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కూడా బూట్లు కట్టి మైదానంలో దిగారు. మెస్సీ వచ్చాడు, వెళ్లాడు. పండుగ ఒక్కరోజే. ఏటా పది, పన్నెండుసార్లు ఊళ్లో జరగాల్సిన పండుగ మాత్రం చేజారింది.

ఇంతకీ జట్టు ఎవరిది?

అభిమాని 'మా జట్టు' అంటాడు. కాగితాల మీద మాత్రం అది యజమానిది. ఐఎస్‌ఎల్ అయినా, ఐపీఎల్ అయినా, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ అయినా జట్టంటే లీగ్ ఇచ్చిన ఓ హక్కు. దాన్నే ఫ్రాంచైజీ అంటారు. లీగ్‌లో సీట్లు తక్కువ, కావాలనే ఊళ్లు ఎక్కువ. కాబట్టి నష్టాలొస్తేనో, ఇంకో ఊరు మంచి స్టేడియం చూపిస్తేనో యజమాని చూపు అటు మళ్లుతుంది. మళ్లకపోయినా 'వెళ్లిపోతా' అని బెదిరిస్తే చాలు, ఉన్న ఊరు దిగొస్తుంది.

హైదరాబాద్‌కు క్రికెట్‌లోనూ ఆ భయం తప్పలేదు. 2008లో పది కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్న దక్కన్ ఛార్జర్స్, 2009లో దక్షిణాఫ్రికా గడ్డపై ఐపీఎల్ గెలిచింది. 2012లో యాజమాన్యం ఆర్థిక చిక్కుల్లో పడటంతో సెప్టెంబరులో బీసీసీఐ ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది. కొత్త జట్టు కోసం పిలిచిన టెండర్లలో హైదరాబాద్‌తో పాటు వేరే నగరాలూ ఉన్నాయి. ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు దక్కించుకున్న సన్ టీవీ సంస్థ హైదరాబాద్‌నే ఎంచుకుంది కాబట్టి సన్‌రైజర్స్ పుట్టింది. వేరే ఊరు కోరుకుని ఉంటే ఉప్పల్‌లో ఆరెంజ్ జెండాలు ఎగిరేవే కావు.

2025 మార్చిలో ఆ సన్‌రైజర్సూ అలిగింది. ఉచిత టికెట్ల కోసం తమను వేధిస్తున్నారనీ, ఇలాగైతే వేరే వేదిక చూసుకోవాల్సి వస్తుందనీ హైదరాబాద్ క్రికెట్ సంఘానికి లేఖ రాసింది. సంఘం ఆ ఆరోపణల్ని తోసిపుచ్చింది. ముఖ్యమంత్రి విజిలెన్స్ విచారణకు ఆదేశించారు. చివరికి ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోవడంతో వివాదం సద్దుమణిగింది. జట్టు ఉప్పల్‌లోనే ఆడింది. క్రికెట్ జట్టు అలిగితే ప్రభుత్వం కదిలింది. ఫుట్‌బాల్ జట్టు చేజారుతున్నప్పుడు ఆ స్థాయి కదలిక కనిపించలేదు.

శాక్రమెంటో సమరం

కదిలితే ఏమవుతుందో తెలియాలంటే కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటో కథ వినాలి. పక్కనే శాన్‌ఫ్రాన్సిస్కో, ఇంకాస్త దూరంలో లాస్ఏంజెలెస్. ఆ రెండింటి వెలుగులో శాక్రమెంటో ఎవరికీ ఆనేది కాదు. 1985లో కాన్సస్ సిటీ నుంచి వచ్చిన 'కింగ్స్' బాస్కెట్‌బాల్ జట్టే ఆ ఊరికి గుర్తింపు. లాస్ఏంజెలెస్ లేకర్స్ కోచ్ ఫిల్ జాక్సన్ ఓసారి దాన్ని 'ఆవుల ఊరు' అంటూ వెక్కిరించాడు. అభిమానులు బాధపడుతూ కూర్చోలేదు. ఆవుల మెడలో కట్టే గంటలు తెచ్చి, లేకర్స్ ఆడుతున్నంతసేపూ చెవులు చిల్లులు పడేలా మోగించారు!

అలాంటి ఊరికి 2011లో పిడుగులాంటి వార్త. యజమానులైన మలూఫ్ సోదరులు జట్టును అనాహైమ్‌కు తరలించాలనుకున్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆఖరి మ్యాచ్ అయ్యాక జనం ఇళ్లకు వెళ్లలేదు. స్టేడియంలోనే ఉండిపోయి కన్నీళ్లు పెట్టుకున్నారు. మైకు ముందు వ్యాఖ్యాతల గొంతులూ పూడుకుపోయాయి.

ఆ సమయంలో నగర మేయర్ కెవిన్ జాన్సన్. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి, ఎన్‌బీఏలో ఆడి వచ్చినవాడు. అభిమానులు 'ఇక్కడే ఉంటాం' అనే నినాదం అందుకుంటే, మేయర్ వ్యాపారుల తలుపు తట్టి ప్రకటనల రూపంలో లక్షల డాలర్ల హామీలు సంపాదించాడు. వాటిని పట్టుకెళ్లి లీగ్ యజమానుల సమావేశంలో వాదించాడు. ఏడాది గడువు దొరికింది. 2012లో కొత్త స్టేడియానికి ఒప్పందం కుదిరినట్లే కుదిరి చెడింది. 2013 జనవరిలో మలూఫ్‌లు ఏకంగా జట్టును సియాటిల్ ధనవంతుల బృందానికి అమ్మడానికి సంతకాలు చేసేశారు. అందరూ కథ ముగిసిందనుకున్నారు.

జాన్సన్ అనుకోలేదు. కొనేవాళ్లు ఉంటే కొని ఇక్కడే ఉంచేవాళ్లూ ఉంటారంటూ వెతికాడు. అలా దొరికినవాడు ముంబయిలో పుట్టి, సిలికాన్ వ్యాలీలో టిబ్కో సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించిన వివేక్ రణదివె. మరో పక్క నగర పాలక మండలి కొత్త స్టేడియానికి 25 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చేందుకు ఒప్పుకొంది. 2013 మే 15న ఎన్‌బీఏ యజమానులు ఓటేశారు. తరలింపు వద్దన్నవారు 22 మంది. సరే అన్నవారు 8 మంది. శాక్రమెంటో గెలిచింది! జట్టు విలువను 53.5 కోట్ల డాలర్లుగా లెక్కగట్టి రణదివె బృందం దాన్ని కొనేసింది. 2016లో నగరం నడిబొడ్డున కొత్త స్టేడియం తెరుచుకుంది. 2023లో పదహారు సీజన్ల తర్వాత జట్టు ప్లేఆఫ్స్ చేరింది. ఇప్పుడు కింగ్స్ గెలిచిన ప్రతి రాత్రీ ఆ స్టేడియం మీది నుంచి ఊదారంగు కాంతి ఆకాశంలోకి దూసుకెళుతుంది. ఊరంతటికీ కనిపించే విజయ సంకేతమది.

అలాగని అంతా మెచ్చుకున్నారనీ కాదు. కోటీశ్వరుల జట్టుకు పన్ను కట్టేవాళ్ల సొమ్మెందుకని స్థానికులు కొందరు కోర్టుకెక్కారు. ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. ఆస్పత్రికీ బడికీ పెట్టాల్సిన డబ్బును ఆటకు పెట్టేటప్పుడు ఊరికేం దక్కుతుందో ముందే రాయించుకోవాలి.

సియాటిల్ కన్నీరు

శాక్రమెంటో జట్టు కోసం సియాటిల్ అంతలా ఎందుకు ఎగబడింది? ఎందుకంటే ఆ ఊరు అప్పటికే తన జట్టును పోగొట్టుకుంది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాలతో తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడిన నగరమది. అక్కడి సూపర్‌సోనిక్స్ జట్టు 1967 నుంచీ ఆ ఊరిదే. 1979లో ఛాంపియన్ కూడా. 2006లో స్టార్‌బక్స్ కాఫీ అధినేత హొవార్డ్ షుల్జ్ దాన్ని ఓక్లహోమా సిటీ వ్యాపారులకు 35 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. లాభం రాని స్టేడియాలకు ప్రజాధనం ఇవ్వొద్దని అదే ఏడాది ఓటర్లు భారీ మెజారిటీతో తీర్పిచ్చారు.

స్టేడియం లీజు 2010 దాకా ఉంది కాబట్టి అప్పటివరకు కదలకూడదని నగరం కోర్టుకెళ్లింది. తీర్పు రావాల్సిన రోజునే, 2008 జులై 2న, 4.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. జట్టు వెళ్లిపోయింది. సూపర్‌సోనిక్స్ పేరు, రంగులు మాత్రం ఊరికే మిగిలాయి. ఓక్లహోమాలో ఆ జట్టు 'థండర్' పేరుతో 2025లో ఛాంపియన్ అయింది. సియాటిల్ పాత అభిమానికి ఆ విజయం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ ఊరు మరో పాఠమూ చెబుతుంది. అక్కడి ఫుట్‌బాల్ జట్టు సౌండర్స్‌లో జనరల్ మేనేజర్ ఉండాలో వద్దో సభ్యులైన అభిమానులు నాలుగేళ్లకోసారి ఓటేసి చెబుతారు. 2019 ఆగస్టులో ఆ జట్టులో వాటా తీసుకున్న కుటుంబాల్లో మన హైదరాబాదీ సత్య నాదెళ్లదీ ఒకటి. సరిగ్గా అదే నెలలో హైదరాబాద్‌లో మన జట్టు పుట్టింది!

పోయినచోటే మొలకెత్తింది

ఆపలేకపోతే ఇక అంతేనా? లండన్‌లోని వింబుల్డన్ వాసులు కాదన్నారు. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్‌ను దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు మార్చడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు కొన్ని వారాల్లోనే సొంతంగా 'ఏఎఫ్‌సీ వింబుల్డన్' పెట్టుకున్నారు. పార్కులో ఎంపికలు జరిపి ఆటగాళ్లను తీసుకున్నారు. తొమ్మిదో అంచె లీగ్‌లో మొదలెట్టి, మెట్టు మెట్టూ ఎక్కుతూ 2011లో ప్రొఫెషనల్ లీగ్‌లో అడుగుపెట్టారు. 2020లో తమ పాత వీధిలోనే కొత్త స్టేడియం కట్టుకున్నారు.

వలస వెళ్లలేని జట్లూ ఉన్నాయి. అమెరికాలో లక్ష జనాభా దాటిన చిన్న ఊరు గ్రీన్‌బే. అక్కడి 'ప్యాకర్స్' అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు అయిదు లక్షలకు పైగా వాటాదారులున్నారు. డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోవడం కుదరదు. అయినా జనం గర్వంగా షేర్లు కొంటారు. జర్మనీలో ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఫుట్‌బాల్ క్లబ్‌ల ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్నది నిబంధన. అలాంటిచోట ఒక్క వ్యాపారి సంతకంతో జట్టు రాత్రికి రాత్రి రైలెక్కదు.

బోనకల్ కుర్రాడికేంటి?

హైదరాబాద్ జట్టు పోతే ఖమ్మం జిల్లా బోనకల్‌లో, మధిరలో బంతి తన్నే కుర్రాడికి ఏమిటి నష్టం? చాలానే ఉంది. లీగ్‌లో ఆడాలంటే క్లబ్బులు పిల్లల జట్లను కూడా నడపాలన్నది లైసెన్సు నిబంధన. అంటే పెద్ద జట్టు ఉన్నచోట దాని కింద కుర్రాళ్ల జట్లుంటాయి. వాటికి ఎంపికలు జరుగుతాయి. బోనకల్ స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగి ఆ ఎంపికలకు వెళ్లొచ్చు. ఖర్చు పెద్దగా కాదు, భాష సమస్య లేదు, చుట్టాల ఇంట్లో ఓ పూట తలదాచుకోవచ్చు. ఇప్పుడు అదే స్థాయి క్లబ్ కావాలంటే చెన్నైకో బెంగళూరుకో వెళ్లాలి. ఆ ప్రయాణం మొదలవకుండానే 'చదువుకో నాయనా' అనే ఇళ్లే ఎక్కువ.

హైదరాబాద్‌లో ఆశ పూర్తిగా చావలేదు. ఇక్కడి శ్రీనిధి దక్కన్ క్లబ్ రెండో అంచె ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో రన్నరప్‌గా నిలిచింది. గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిదే. 2024లో ఇంటర్‌కాంటినెంటల్ కప్‌నూ, సంతోష్ ట్రోఫీ చివరి దశ పోటీలనూ ఈ నగరమే నిర్వహించింది. మైదానముంది, చరిత్ర ఉంది, జనముంది. లేనిదల్లా ముందుచూపే.

రేపు మరో యజమాని వచ్చి మరో జట్టు పెడతానంటే ఊరు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. స్టేడియం ఇచ్చేటప్పుడే పదేళ్లో పదిహేనేళ్లో కదలకుండా లీజు రాయించుకోవాలి. జట్టు అమ్మకానికొస్తే ముందు స్థానికులకే అవకాశం ఇవ్వాలన్న షరతు పెట్టాలి. అభిమానులకు చిన్నదైనా ఓ వాటా, ఓ ఓటు ఇవ్వాలి. ఇక జనం చేయాల్సిన పని ఒక్కటే. కప్పు గెలిచిన రోజునే కాదు, ఓడుతున్న రోజుల్లోనూ టికెట్ కొని పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. నిండిన గ్యాలరీని వదిలి వెళ్లడానికి ఏ యజమానీ తొందరపడడు.

ఊరు మారినా పేరు మారలేదు!

* సరస్సులకు పేరొందిన మిన్నెసోటా జట్టు కాబట్టి 'లేకర్స్' అన్నారు. 1960లో లాస్ఏంజెలెస్‌కు వెళ్లినా ఆ పేరే నిలిచిపోయింది.

* జాజ్ సంగీతానికి పుట్టినిల్లు న్యూఆర్లిన్స్. అక్కడి 'జాజ్' బాస్కెట్‌బాల్ జట్టు 1979లో యూటా వెళ్లింది. పేరు మాత్రం మార్చుకోలేదు.

* కెనడాలోని వాంకూవర్ జట్టుకు అక్కడి అడవుల్లో తిరిగే గ్రిజ్లీ ఎలుగుబంట్ల పేరు పెట్టారు. 2001లో అది మెంఫిస్ చేరింది. అక్కడ ఆ ఎలుగుబంట్లు లేనే లేవు!

* 1984 మార్చిలో బాల్టిమోర్ కోల్ట్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అర్ధరాత్రి లారీల్లో సామానెక్కించుకుని ఇండియానాపొలిస్ వెళ్లిపోయింది. తెల్లారి లేచేసరికి ఊళ్లో జట్టు లేదు.

* శాక్రమెంటో కింగ్స్ అంతకుముందు రోచెస్టర్, సిన్సినాటి, కాన్సస్ సిటీల్లో కాపురం చేసి వచ్చింది. దాని వలసలకు అడ్డుకట్ట వేసింది నాలుగో ఊరే.